పజిల్‌లో కనిపించే ఎత్తు అసలు ఆటలో ఎందుకు కనిపించదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. చెన్నైలో ఉద్యోగం, శని ఆదివారాల్లో చదరంగం రేటింగ్ టోర్నీలు. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్ 1560 దగ్గర ఆగిపోయింది, ఆన్‌లైన్ చెస్ సైట్ లిచెస్‌లో పజిల్ రేటింగ్ మాత్రం 2100. పజిల్లో నాలుగు ఎత్తుల కాంబినేషన్ దొరుకుతోంది, ఆటలో ఒక్క ఎత్తు ఫోర్క్ (ఒకే పావు రెండింటిని ఒకేసారి బెదిరించడం) తప్పిపోతోంది. ఏమీ జరగని పొజిషన్‌లో ఏం ఆడాలో తోచక ఏదో ఒక బంటు తోసేస్తున్నారు. టాక్టికల్ పొజిషన్లకూ (వెంటనే దెబ్బ తీసే అవకాశం ఉన్నవి), పొజిషనల్ ఆటకూ (నెమ్మదిగా పావుల స్థానం మెరుగుపరిచేది) వేర్వేరు పద్ధతులు ఉన్నాయా అని అడిగారు.

రెండు పద్ధతులు అక్కర్లేదండీ. లెక్క మొదలుపెట్టే ముందు తీసుకోవాల్సిన ఒక నిర్ణయం ఉంది: ఇక్కడ లెక్కపెట్టాల్సింది ఏమైనా ఉందా, లేదా? పజిల్ ఆ నిర్ణయాన్ని మీ బదులు తానే తీసేసుకుంటుంది. ఏదో ఉందని, అది ఇప్పుడే ఉందని, సరైన జవాబు ఒక్కటేనని ముందే చెప్పేస్తుంది. ఆటలో 18వ ఎత్తు దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ మీకు ఎవరూ చెప్పరు. పజిల్ రేటింగ్‌కూ ఫిడే రేటింగ్‌కూ కొలత వేరు కాబట్టి ఆ అంకెల్ని నేరుగా పోల్చకూడదు. కానీ మీరు రాసిన లక్షణాలు చూస్తే లోపం లెక్కపెట్టే శక్తిలో ఉన్నట్టు లేదు, లెక్క ఎప్పుడు పెట్టాలో గుర్తుపట్టడంలో ఉంది.

గుర్తుపట్టడానికి ఎదుటివాళ్లు ఎత్తు వేసిన ప్రతిసారీ మూడు చోట్ల చూడాలి. మొదటిది రాజు: దాని చుట్టూ పారిపోవడానికి ఎన్ని గడులున్నాయి, ఏ పావుతో చెక్ ఇవ్వొచ్చు. రెండోది కాపు లేని పావులు. మూడోది రెండు పనులు ఒకేసారి మోస్తున్న పావు, అంటే ఒక బిషప్పు ఇటు బంటునీ అటు మేటు గడినీ తానే కాస్తుంటే దాన్ని లాగేయడానికి దారి ఉంటుంది. ఇవి ఎదుటివాళ్ల వైపే కాదు, మీ వైపు కూడా చూడాలి. అలవాటయ్యాక ఇరవై సెకన్ల పని. మూడింటిలో ఒక్కటీ లేని పొజిషన్‌లో కాంబినేషన్ కోసం పది నిమిషాలు తవ్వడం దాదాపు ఎప్పుడూ వృథాయే. రెండు గుర్తులు కలిసి కనిపిస్తే మాత్రం ఆగి వెతకాల్సిందే.

చిన్న ఉదాహరణ బోర్డు మీద పెట్టి చూడండి (గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస; ప్రతి సంఖ్య పక్కన ముందు వైట్ ఎత్తు, తర్వాత బ్లాక్ ఎత్తు). 1. డి4 గుర్రం ఎఫ్6, 2. బిషప్ జి5 సి6, 3. ఇ3. వైట్ మూడు ఎత్తులూ మామూలుగానే కనిపిస్తాయి. కానీ జి5లో బిషప్‌కి కాపు లేదు, వైట్ రాజుకి ఎ5 నుంచి ఇ1 దాకా డయాగనల్ (ఏటవాలు దారి) తెరిచి ఉంది. రెండు గుర్తులు. బ్లాక్ క్వీన్ ఎ5కి వచ్చి చెక్ ఇస్తుంది, తర్వాతి ఎత్తులో ఐదో వరస మీదుగా వెళ్లి బిషప్‌ని కొట్టేస్తుంది. ఇందులో ముఖ్యమైన విషయం ఇ3 బంటు. అది కదలకుండా ఉంటే వైట్ క్వీన్ డి2కి వచ్చి చెక్‌ని ఆపుతూనే జి5ని కూడా కాచేది. ఇ3 ఆ దారికి అడ్డం పడింది. కాపు అంటే పావు పక్కన ఇంకో పావు ఉండటం కాదు, దారి తెరిచి ఉండటం. వన్ మూవ్ ఫోర్కులు తప్పిపోయేవాళ్లు ఎక్కువగా ఇక్కడే తప్పుతారు: మొన్నటిదాకా ఉన్న కాపు ఇంకా ఉందనే అనుకుంటారు.

గుర్తులు కనిపించాక వెతికే వరుస మీకు తెలిసిందే: చెక్కులు, కొట్టుడులు, బెదిరింపులు. తెలిసినా చాలామంది చెడ్డగా కనిపించే చెక్కుల్ని చూడకుండానే వదిలేస్తారు. క్వీన్ పోయే చెక్ అయినా సరే, ఒక్క సెకను చూసి, తర్వాత రాజు ఎక్కడికి వెళ్తాడో తేల్చి, అప్పుడు వదిలేయండి.

తెలిసిన నమూనాను షరతులతో సహా నేర్చుకోవడం ఎలా ఉండాలో గ్రీక్ గిఫ్ట్‌తో, అంటే హెచ్7లో బిషప్‌ని బలిచ్చి రాజు మీద దాడి చేసే నమూనాతో చెప్తాను. నమూనా అందరికీ వచ్చు, షరతులు కొందరికే వస్తాయి. వైట్‌కి క్వీన్ డి1, బిషప్పులు సి1, డి3, గుర్రం ఎఫ్3, బంట్లు డి4, ఇ5. బ్లాక్‌కి రాజు జి8, రూక్ ఎఫ్8, క్వీన్ డి8, గుర్రం డి7, బంట్లు డి5, ఇ6, ఎఫ్7, జి7, హెచ్7. బిషప్ హెచ్7 బంటును కొట్టి చెక్, రాజు కొడతాడు, గుర్రం జి5కి వచ్చి చెక్. రాజు జి8కి వెనక్కి వెళ్తే క్వీన్ హెచ్5, హెచ్7లో మేటు బెదిరింపు. బ్లాక్ రూక్‌ని ఇ8కి జరిపి ఎఫ్8 గడి ఖాళీ చేస్తాడు. ఇక్కడ తొందరపడి క్వీన్ హెచ్7, తర్వాత హెచ్8, తర్వాత జి7 అని వెళ్తే రాజు ఇ7లో హాయిగా నిలబడతాడు, ఎందుకంటే జి7కీ ఇ7కీ మధ్య ఎఫ్7 బంటు అడ్డం ఉంది. అందుకని ముందు క్వీన్ ఎఫ్7 బంటును కొట్టి చెక్ ఇవ్వాలి. రాజు హెచ్8, క్వీన్ మళ్లీ హెచ్5 చెక్, రాజు జి8, క్వీన్ హెచ్7, రాజు ఎఫ్8, క్వీన్ హెచ్8, రాజు ఇ7, ఇప్పుడు క్వీన్ జి7ని కొడితే మేటు. డి6, ఎఫ్6 గడులు రెండింటినీ ఇ5 బంటు మూసేసింది.

మరి షరతులు? గుర్రం జి5కి వచ్చాక రాజు హెచ్6కి ఎక్కితే సి1 బిషప్ దారి తెరిచి ఉండాలి, అప్పుడు గుర్రం ఇ6 బంటును కొడుతూ డిస్కవర్డ్ చెక్ (తాను తప్పుకోగానే వెనకున్న బిషప్ ఇచ్చే చెక్) ఇచ్చి క్వీన్‌ని కూడా పట్టుకుంటుంది. రాజు జి6కి వస్తే అసలు లెక్క అక్కడే. క్వీన్ జి4, క్వీన్ డి3 చెక్, హెచ్4 బంటు, ఈ మూడింటిలో ఏది పనిచేస్తుందో బిషప్‌ని ఇవ్వక ముందే తేల్చుకోవాలి, ఇచ్చాక కాదు. బ్లాక్ రూక్ ముందే ఇ8లో ఉంటే డి7 గుర్రానికి ఎఫ్8 గడి దొరుకుతుంది, అది హెచ్7ని కాస్తుంది, లెక్క మొత్తం మారిపోతుంది. బ్లాక్ బిషప్ ఇ7లో ఉంటే జి5 గుర్రాన్ని అదే కొట్టేస్తుంది. వైట్‌కి హెచ్4 బంటు, దాని వెనక హెచ్1లో రూక్ ఉంటే తప్ప అప్పుడు దాడి సాగడం కష్టం. ఏ నమూనా నేర్చుకున్నా "ఇది ఎప్పుడు పనిచేయదు" అన్నది పక్కనే రాసుకోండి.

లెక్కలో క్రమశిక్షణ గురించి. మొదట రెండు మూడు ఎత్తుల పేర్లు మనసులో అనుకుని, తర్వాత ఒక్కొక్కదాంట్లోకి దిగండి. మొదట నచ్చిన ఎత్తులోకే నేరుగా దూకితే పది నిమిషాల తర్వాత కూడా అదే కొమ్మ మీద ఉంటారు, రెండో ఎత్తు ఉందని కూడా తెలియదు. డచ్ మనస్తత్వవేత్త ఆడ్రియాన్ డి గ్రూట్ 1940ల్లో గ్రాండ్‌మాస్టర్లను, వాళ్లకంటే తక్కువ స్థాయి బలమైన ఆటగాళ్లను పక్కపక్కన పరిశీలించాడు. గ్రాండ్‌మాస్టర్లు మరీ ఎక్కువ లోతుకు వెళ్లడంలేదని, మంచి ఎత్తు వాళ్ల పరిశీలనలోకి ముందే వచ్చేస్తోందని అందులో తేలింది. కాబట్టి లోతు పెంచుకోవడంకంటే ఎంపిక చేసే మొదటి మూడు ఎత్తుల నాణ్యత పెంచుకోవడం మీ స్థాయిలో ఎక్కువ లాభం. ప్రతి కొమ్మలోనూ ఎదుటివాళ్లకి మీరు కోరుకున్న ఎత్తు కాదు, మీకు అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ఎత్తు ఇవ్వండి. చెక్కులూ కొట్టుడులూ అయిపోయిన చోట ఆగి, ఎవరికి ఏం మిగిలిందో చూసి ఒక మాటలో తీర్పు చెప్పుకోండి: "నాది మేలు", "సమానం", "తెలియడంలేదు". చివరిది కూడా పనికొచ్చే తీర్పే.

లెక్కలో బలమైనవాళ్లు కూడా జారే చోటు ఒకటుంది: కదిలిన పావు ఖాళీ చేసిన గడి. చెన్నైలో జరిగిన 2013 ప్రపంచ ఛాంపియన్‌షిప్ తొమ్మిదో ఆట దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆనంద్ వైట్, కార్ల్‌సెన్ బ్లాక్. ఆనంద్ క్వీన్ హెచ్6లో ఉంది, బంట్లు ఎఫ్6, జి5లో, రూక్ ఎఫ్4లో. రూక్ హెచ్4కి వస్తే హెచ్7లో మేటు. 27వ ఎత్తులో కార్ల్‌సెన్ బంటు బి1 చేరి క్వీన్ అయి చెక్ ఇచ్చింది. ఎఫ్4 రూక్‌ని కదపకుండా చెక్‌కి రెండు రకాలుగా అడ్డు పెట్టొచ్చు: జి2 బిషప్ ఎఫ్1కి రావడం, లేదా జి3 గుర్రం ఎఫ్1కి రావడం. ఆనంద్ గుర్రాన్ని ఎఫ్1కి తెచ్చారు. కార్ల్‌సెన్ కొత్త క్వీన్‌ని ఇ1కి జరిపాడు, ఆనంద్ అక్కడే ఆట వదిలేశారు. కారణం జి3 గడి. గుర్రం అక్కడ ఉన్నంతసేపు ఇ1 నుంచి హెచ్4 దాకా డయాగనల్ మూసి ఉంది. గుర్రం కదలగానే తెరుచుకుంది. ఇక రూక్ హెచ్4కి వస్తే క్వీన్ దాన్ని కొడుతుంది, వైట్ క్వీన్ తిరిగి కొట్టినా బ్లాక్‌కి ఒక రూక్ ఎక్కువ మిగులుతుంది. బిషప్ ఎఫ్1కి వచ్చి ఉంటే గుర్రం జి3లోనే ఉండేది, ఆట ఇంకా సాగేది. ప్రపంచ ఛాంపియన్ కంటికే తప్పిపోయిందంటే దీనికి విడిగా ఒక ప్రశ్న కేటాయించాలి: "ఈ పావు వెళ్లిపోతే దాని వెనక ఏ దారి తెరుచుకుంటుంది, అది ఇప్పటిదాకా దేన్ని కాస్తోంది?" ఎత్తు వేసే ముందు ప్రతిసారీ.

ఇక మీకు ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది, ఏమీ జరగని పొజిషన్. మూడు గుర్తులూ చూశారు, ఏమీ లేదు. ఇప్పుడు మొదటి ప్రశ్న మీ గురించి కాదు: నేను ఈ ఎత్తు వదిలేస్తే ఎదుటివాళ్లు ఏం ఆడతారు? దానికి జవాబు దొరికి, ఆ ఎత్తు మీకు నిజంగా నష్టం చేసేదైతే, దాన్ని ఆపే ఎత్తు మీ జాబితాలో మొదట చేరుతుంది. మాజీ ప్రపంచ ఛాంపియన్లు పెట్రోసియన్, కార్పోవ్ ఆటలు ముందు పెట్టుకుంటే ఈ ఆలోచన ఎంత బలమైనదో కనిపిస్తుంది. ఎదుటివాళ్ల పథకం నెమ్మదిగా ఉందనో, దానివల్ల మీకేమీ కాదనో తేలితే ఆపే పని పెట్టుకోకండి. ప్రతి చిన్న బెదిరింపుకీ హెచ్3, ఎ3 అంటూ బంటు తోసేవాళ్లు ఎప్పటికీ సొంత ఆట ఆడలేరు.

రెండో ప్రశ్న: నా పావుల్లో అన్నిటికంటే పనికిమాలిన చోట ఉన్నది ఏది? ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో బ్లాక్ సి8 బిషప్ దీనికి పాఠ్యపుస్తక ఉదాహరణ. సొంత బంట్లు ఇ6, డి5 దాని గడుల మీదే ఉన్నాయి. దానికి మంచి చోటు వెతకడం కష్టమైతే మార్చేసుకోవడమే పథకం: బి6 ఆడి, బిషప్‌ని ఎ6కి తెచ్చి, డి3లో ఉన్న వైట్ మంచి బిషప్‌తో మార్పిడి. ఒక్క పావు సంగతి తేలడానికి రెండు ఎత్తులు ఖర్చయినా లాభమే, పొజిషన్ మూసి ఉంటే.

మూడోది, అన్నిటికంటే లోతైనది, బంట్ల నిర్మాణం. పథకం అక్కడి నుంచే పుడుతుంది. క్వీన్స్ గాంబిట్ ఎక్స్‌చేంజ్ వేరియేషన్ అనే ఓపెనింగ్‌లో వచ్చే నిర్మాణం తీసుకోండి: క్వీన్ వైపు వైట్‌కి ఎ2, బి2 బంట్లు, మధ్యలో డి4, ఇ3. బ్లాక్‌కి ఎ7, బి7, సి6, డి5. వైట్‌కి అక్కడ రెండు, బ్లాక్‌కి మూడు. ఆ తక్కువ బంట్లతోనే దాడి చేయడం వైట్ పథకం: రూక్ బి1, బి4, బ్లాక్ ఎ6 అంటే ఎ4, తర్వాత బి5. బి5 పడ్డాక బ్లాక్‌కి మూడు దారులుంటాయి, మూడింట్లోనూ ఏదో ఒకటి చెడుతుంది. సి6 మీద కొట్టనిచ్చి బి బంటుతో తిరిగి కొడితే సి6 బంటు తెరిచిన ఫైల్‌లో (నిలువు వరసలో) వెనకబడి మిగులుతుంది. తానే బి5ని కొడితే డి5 ఒంటరి అవుతుంది, బి7 కూడా బలహీనం. సి5 అని ముందుకు తోస్తే వైట్ కొట్టేస్తాడు, మళ్లీ డి5 ఒంటరే.

చేసే తప్పులు కూడా ఈ నిర్మాణంలో స్పష్టంగా ఉంటాయి. బి4 తోయగానే సి4 గడిని కాయడానికి వైట్‌కి ఇక బంటు ఉండదు. బ్లాక్ గుర్రం బి6 మీదుగానో డి6 మీదుగానో వచ్చి అక్కడ కూర్చుంటే సి ఫైల్ మూసుకుపోతుంది, వైట్ శ్రమంతా ఆగిపోతుంది. అందుకే డి3 బిషప్‌ని తొందరపడి మార్చుకోకూడదు, అవసరమైతే గుర్రాన్ని డి2కి తెచ్చి సి4ని కాయాలి. ఇంకొకటి, బ్లాక్ ఆట రాజు వైపు ఉంటుంది, ఇ4కి గుర్రం వచ్చి. వైట్ పావులన్నీ క్వీన్ వైపుకే తరలించేస్తే సి6 బంటు దొరికే లోపే ఇక్కడ రాజు మీదకి దాడి వచ్చేస్తుంది. మీరు ఆడే ఓపెనింగ్స్‌లో వచ్చే నిర్మాణాలు మూడో నాలుగో ఉంటాయి. ఒక్కో దానికి ఇలా ఒక పేజీ రాసుకోండి: నా పథకం, వాళ్ల పథకం, ఏ పావు ఉంచుకోవాలి, ఏది మార్చుకోవాలి. "ఏమీ తోచడంలేదు" అనే పరిస్థితి సగానికి సగం అక్కడే పోతుంది.

మార్పిడి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే సురక్షితంగా అనిపించే ఎత్తుల్లో ఇదే ఎక్కువ పాయింట్లు పోగొడుతుంది. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆట. గుకేశ్ బ్లాక్, అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ వైట్. గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువ, రెండు వైపులా రూక్, బిషప్ ఉన్నాయి. డ్రా అనే అందరూ అనుకుంటున్నారు. 55వ ఎత్తులో డింగ్ రూక్‌ని ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. గుకేశ్ రూక్‌లు మార్చుకుని బిషప్‌ని డి5కి తెచ్చాడు. డింగ్ బిషప్ ఎ8 మూలలో ఉంది, దానికున్న ఒకే డయాగనల్ డి5 మీదుగా పోతుంది, కాబట్టి మార్పిడి తప్పించుకునే దారే లేదు. మిగిలింది రాజులూ బంట్లూ, అందులో బ్లాక్ గెలుపు ఖాయం. మన తెలుగు ఇంటి చెన్నై కుర్రాడు 18 ఏళ్లకే ఛాంపియన్ అయిన ఎత్తు అదే. మార్పిడికి పెట్టే ముందు "ఈ జత పోయాక తర్వాతి జత కూడా పోతే?" అని చివరి దాకా చూడాలి. రాజు బంట్ల ఎండ్‌గేమ్ తీర్పు తెలియకపోతే అందులోకి వెళ్లే మార్పిడి చేయకండి. ఆపోజిషన్ (రాజులు ఎదురెదురుగా నిలిచే లెక్క), బంటు చదరం (పరుగెత్తే బంటును రాజు అందుకోగలడా అనే లెక్క), అంచు బంటు మినహాయింపు (ఎ, హెచ్ ఫైళ్ల బంటుతో గెలుపు రాని సందర్భాలు), ఈ మూడు వస్తే మీ స్థాయిలో చాలావరకు సరిపోతుంది.

సమయం. 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు చొప్పున పెరిగే ఆటలో 40 ఎత్తులకు మీకు 110 నిమిషాలు, అంటే సగటున ఎత్తుకి రెండూ ముప్పావు నిమిషాలు. దాన్ని సమానంగా పంచకండి. తెలిసిన ఓపెనింగ్ ఎత్తులకు 30 సెకన్లు కూడా ఎక్కువే. ఆటలో మూడు నాలుగు చోట్ల పదేసి నిమిషాలు పెట్టాలి: ఓపెనింగ్ జ్ఞాపకం అయిపోయిన మొదటి ఎత్తు, బంట్ల నిర్మాణం శాశ్వతంగా మారబోయే ఎత్తు, క్వీన్‌లు మార్చుకునే ఎత్తు, పావు ఇచ్చి దాడికి దిగే ఎత్తు. చెన్నై టోర్నీల్లో ఎదుట కూర్చునేది చాలాసార్లు పదేళ్ల పిల్లలు. టక్కున ఆడేసి లేచి పక్క బోర్డులు చూడ్డానికి వెళ్లిపోతారు. ఆ వేగం మీకు అంటుకోనివ్వకండి. వాళ్లు లేచి వెళ్లిన ఆ సమయం మీ గడియారంలోంచే పోతోందని కంగారుపడక్కర్లేదు, అది మీరు లెక్క వేసుకున్న సమయమే.

ఎత్తు ఖాయం చేసుకున్నాక వేసే ముందు ఆఖరి తనిఖీ: ఆ ఎత్తు బోర్డు మీద పడ్డట్టు ఊహించుకుని, ఎదుటివాళ్ల చెక్కులు, కొట్టుడులు మాత్రమే చూడండి. పదిహేను సెకన్లు చాలు. దీనికోసం కొందరు పాత పద్ధతిలో ముందు షీట్ మీద రాసి, తర్వాత ఆడతారు. ఫిడే నియమాల ప్రకారం ఇప్పుడది కుదరదు. డ్రా క్లెయిమ్ చేసేటప్పుడు తప్ప ఎత్తు ఆడాకే రాయాలి, ఆర్బిటర్ (టోర్నీ నిర్ణేత) మందలిస్తారు. దానికి బదులు చేతులు బల్ల కింద పెట్టుకుని తనిఖీ చేయండి. పావును ముట్టుకున్నాక తట్టిన మంచి ఎత్తు ఇంక పనికిరాదు.

సాధనలో మీరు మార్చాల్సింది ఒకటి ఉంది. పజిల్స్ కొనసాగించండి, కానీ థీమ్ (ఏ రకం పజిలో చెప్పే సూచన) తీసేసి, మొదటి ఎత్తు వేసే ముందే ఎదుటివాళ్ల గట్టి జవాబుతో సహా మొత్తం లైన్ కాగితం మీద రాయండి. మొదటి ఎత్తు సరిగ్గా ఉండి లైన్ తప్పయితే ఆ పజిల్ తప్పినట్టే లెక్క. దీంతోపాటు తోటి ఆటగాడినెవరినైనా అడిగి మాస్టర్ల ఆటల్లోంచి వారానికి పది పొజిషన్లు తీయించుకోండి, నాలుగు టాక్టికల్, ఆరు మామూలువి, కలగాపులగంగా, ఏది ఏదో చెప్పకుండా. ఒక్కో దానికి మొదటి నిమిషంలో ఇందులో ఏమైనా ఉందా లేదా అన్నది మాత్రమే తేల్చి రాయండి. తర్వాత పది నిమిషాలు ఎత్తు కోసం. మీకు ప్రస్తుతం లేని కసరత్తు ఇదే, పజిల్ యాప్‌లు ఇవ్వలేనిది కూడా ఇదే.

మీ సొంత ఆటల్ని ఇంజిన్ (ఎత్తుల్ని విశ్లేషించే చెస్ ప్రోగ్రామ్) పెట్టకముందే అరగంట చూసి, తప్పు ఎత్తు ఒక్కొక్కదాని పక్కన నాలుగింట్లో ఒకటి రాయండి: గుర్తు చూడలేదు, చూశాను గాని లెక్క తప్పింది, పథకం తప్పు, సమయం లేదు. ఇరవై ఆటలయ్యేసరికి ఏ గడి నిండిందో తెలుస్తుంది, సాధన దానికే కేటాయించండి. తర్వాత స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ పెట్టండి, మూడు లైన్లు కనిపించేలా. మొదటి దానికీ మూడో దానికీ తేడా 0.3 (బంటు విలువలో) లోపు ఉంటే ఆ పొజిషన్‌లో మీ ఎత్తు గురించి బాధపడక్కర్లేదు, అక్కడ సరైన ఎత్తు ఒకటి కాదు. తేడా పెద్దదై, ఇంజిన్ ఎత్తు ఎందుకు మంచిదో అర్థం కాకపోతే దాన్ని బట్టీ పట్టకండి. మీరు ఆడిన ఎత్తునే బోర్డు మీద పెట్టి, మీ వైపు నుంచి ఇంజిన్ మీద ఐదారు ఎత్తులు ఆడండి. ఎక్కడ విరిగిందో అక్కడ కనిపిస్తుంది, ఆ విరిగిన చోటే మీ నోట్‌బుక్‌లో రాసుకోవాల్సింది.